జేసన్ కాంప్సన్ మాట నమ్మకుండా జేసన్‌ను చదవడం ఎలా

అమెరికన్ రచయిత విలియం ఫాక్నర్ 1929లో ప్రచురించిన ‘ద సౌండ్ అండ్ ద ఫ్యూరీ’ నవల మూడో భాగం చదివి మీరు అడిగిన ప్రశ్న ఇది: ఆ భాగం చెప్పే జేసన్ కాంప్సన్ ఆడవాళ్ళను, నల్లజాతివారిని, యూదులను నోటికొచ్చినట్టు తూలనాడుతుంటే రచయిత ఎక్కడా అడ్డుపడడు కదా, అంటే రచయితకూ అదే అభిప్రాయం ఉన్నట్టా? ఆ మనిషి మీద అసహ్యం తప్ప ఇంకేమీ కలగనప్పుడు అతని గురించి విశ్లేషణ వ్యాసం ఏమని రాయాలి? ఈ నవలను చాలాకాలంగా ఎం.ఏ. విద్యార్థులకు చెబుతూ వచ్చాను కాబట్టి కొంచెం విపులంగానే సమాధానం రాస్తున్నాను.

ముందుగా, ఆ అసహ్యాన్ని పక్కన పెట్టమని మీకు ఎవరైనా చెబితే వినకండి. అది మీరు సరిగ్గా చదివారనడానికి గుర్తు. అయితే అసహ్యం ఒక్కటే వ్యాసం కాదు. ‘జేసన్ స్త్రీద్వేషి, జాత్యహంకారి, దుర్మార్గుడు’ అని మూడు పేజీలు రాసినా మీరు చెప్పింది ఒక్క వాక్యమే అవుతుంది, ఎందుకంటే ఆ విషయాన్ని అతనే మొదటి వాక్యంలో తన నోటితో ఒప్పుకున్నాడు: మేనకోడలిని ఉద్దేశించి ఒక బూతుమాట, అది ఒకసారి అంటుకుంటే ఎన్నటికీ వదలదన్న తీర్పు, ఆ తీర్పు తనదేనన్న ధీమా. ఆ భాగం ముగిసే ముందు అదే వాక్యాన్ని మళ్ళీ అంటాడు. రోజంతా గడిచినా అతను నేర్చుకున్నది ఏమీ లేదు. కాబట్టి మీరు అడగవలసింది అతను చెడ్డవాడా అని కాదు. ఇతరుల మీది ద్వేషం అతనికి ఏ పనికి వస్తోంది, అది లేకపోతే అతని కథలో ఎక్కడెక్కడ చిల్లులు బయటపడతాయి అన్నవి అడగాలి. నా అభిప్రాయం ఏమిటంటే, జేసన్ చెప్పేది కథ రూపంలో ఉన్న జమాఖర్చుల పుస్తకం. అందులో తన నష్టాలన్నిటినీ ఎవరో ఒకరి ఖాతాలో రాయాలి. ఆ ఖాతాదారులను సరఫరా చేసేదే అతని ద్వేషం.

నవల నిర్మాణం ఒక్కసారి గుర్తుచేసుకుందాం, ఎందుకంటే జవాబులో సగం అక్కడే ఉంది. మిసిసిపీ రాష్ట్రంలోని జెఫర్సన్ అనే కల్పిత పట్టణంలో, ఒకప్పుడు బాగా బతికి చితికిపోయిన తెల్లజాతి కుటుంబం కాంప్సన్లది. మొదటి భాగం 1928 ఏప్రిల్ 7వ తేదీ, శనివారం. మాట రాని, మానసిక ఎదుగుదల లేని బెంజీ చెబుతాడు. రెండోది 1910 జూన్ 2. హార్వర్డ్‌లో చదువుతున్న పెద్దన్న క్వెంటిన్ ఆత్మహత్య చేసుకున్న రోజు. మూడోది జేసన్‌ది: 1928 ఏప్రిల్ 6, గుడ్ ఫ్రైడే. నాలుగోది ఈస్టర్ ఆదివారం, ఏప్రిల్ 8. దాన్ని ఏ అన్నదమ్ముడూ చెప్పడు, రచయితే బయట నిలబడి చెబుతాడు. ముగ్గురి తలపుల్లోనూ మెదిలేది వాళ్ళ సోదరి క్యాడీ. ఆమెకు మాత్రం సొంత భాగం లేదు. ఆమె కూతురి, అంటే జేసన్ తూలనాడే ఆ మేనకోడలి, పేరు కూడా, చనిపోయిన మేనమామ గుర్తుగా, క్వెంటినే. ఇక్కడ చాలామంది తికమకపడతారు.

మొదటి రెండు భాగాలూ ఎంత కష్టపెడతాయో మీకు తెలుసు. కాలం ముందుకూ వెనక్కూ దూకుతుంది, వాక్యాలు సగంలో తెగిపోతాయి. అంత అవస్థ పడ్డాక జేసన్ గొంతు వినగానే ప్రాణం లేచివస్తుంది. వాక్యాలు పూర్తవుతాయి, గంటలు వరుసగా గడుస్తాయి, డబ్బు లెక్క డాలర్లతో సహా తెలుస్తుంది, పైగా నవ్వు వస్తుంది. హార్వర్డ్ చదువు గురించి అతను వేసే హాస్యం చూడండి: ఈత రాకుండానే రాత్రిపూట ఈతకు వెళ్ళడం ఎలాగో అక్కడ నేర్పుతారట. నీళ్ళలో దూకి చనిపోయిన సొంత అన్న గురించి ఆ మాట. మనం నవ్విన తరువాత గాని అది ఎవరి గురించో గుర్తుకు రాదు. ఫాక్నర్ ఉద్దేశపూర్వకంగా పన్నిన ఉచ్చు అని నేను అనేది దీన్నే. ‘సూటిగా మాట్లాడే మనిషి’ అన్న గౌరవాన్ని మన దగ్గర ముందే రాబట్టుకుని, ఆ తరువాత ఆ సూటిదనం లోపల ఏముందో ఒక్కొక్కటిగా చూపిస్తాడు. ప్రతి రెండు మూడు వాక్యాలకూ ‘నేననేదేమిటంటే’ అని మొదలుపెట్టే ఆ ధోరణి కూడా అందులో భాగమే. ఎదురుగా ఎవరూ లేని చోట కూడా అతను వాదిస్తూనే ఉంటాడు, గెలుస్తూనే ఉంటాడు.

రచయిత అడ్డుపడలేదన్న మీ మాట దగ్గరకు వస్తాను. అడ్డుపడ్డాడు, తన గొంతుతో కాదు, సంఘటనలతో. ఆ శుక్రవారం జరిగినవాటిలో చెక్కు వ్యవహారం ఒక్కటి దగ్గరగా చూడండి. భర్త వదిలేయడంతో, బిడ్డను పుట్టింటికి అప్పగించిన క్యాడీ, కూతురి పోషణకు నెలనెలా రెండు వందల డాలర్ల చెక్కు పంపుతుంది. చెడిపోయిన కూతురి సొమ్ము ముట్టనని తల్లి పంతం పట్టి, వచ్చిన ప్రతి చెక్కునూ తన చేత్తో కాల్చేస్తుంది. ఆమె కాల్చేది అసలు చెక్కు కాదు, జేసన్ తయారుచేసిన నకిలీ. అసలుది అతను మార్చుకుంటాడు. ఈ శుక్రవారం అతనికి వచ్చిన చిక్కు ఏమిటంటే నకిలీకి కావలసిన ఖాళీ చెక్కు కాగితాలు అయిపోయాయి. పని మానుకుని పట్టణంలో వెతుక్కుంటూ తిరిగి, చివరకు ఒక పాత నాటకశాలలో సెయింట్ లూయిస్ బ్యాంకుకు చెందిన పాత చెక్కుల పుస్తకం సంపాదిస్తాడు. తల్లి పరీక్షగా చూస్తుందేమో, సరే, దీనితోనే సరిపెట్టుకోవాలి అనుకుంటాడు. ఇదంతా మనకు చెబుతున్నది అతనే. సిగ్గుపడడం లేదు, దాచడం లేదు. అదే నోటితో, ఈ ఇంట్లో పిండి పీపా ఖాళీ కాకుండా చూస్తున్న ఒకే ఒక్క మగవాణ్ని నేనని, నాకు క్వెంటిన్‌లా హార్వర్డ్‌కు వెళ్ళే తీరికగానీ, నాన్నలా తాగి చచ్చే తీరికగానీ లేకపోయిందని చెబుతాడు. ఈ రెండు విషయాలూ ఒకే ఉపన్యాసంలో పక్కపక్కనే ఉన్నాయి. వాటి మధ్య ఉన్న దూరమే ఫాక్నర్ వ్యాఖ్యానం. సాహిత్య పరిభాషలో ‘నమ్మదగని కథకుడు’ అంటాం గానీ, జేసన్ విషయంలో ఆ మాటను కొంచెం జాగ్రత్తగా వాడండి. అతను వాస్తవాలు తప్పు చెప్పడు. వాస్తవాల అర్థాన్ని తప్పు చెబుతాడు.

ఇప్పుడు ద్వేషం సంగతి. యూదుల గురించి అతను మాట్లాడే ఘట్టం వ్యాసానికి చాలా పనికివస్తుంది. జేసన్ టెలిగ్రాఫ్ ఆఫీసు ద్వారా న్యూయార్క్ పత్తి వాయిదా వ్యాపారంలో డబ్బు పెడుతుంటాడు. అందుకు సలహాలిచ్చే న్యూయార్క్ వాళ్ళకు నెలకు పది డాలర్లు కడతాడు. ఊళ్ళోకి వచ్చిన ఒక సేల్స్‌మన్‌తో కబుర్లాడుతూ, పత్తి అనేది సట్టా వ్యాపారుల పంట అని, రైతుకు మిగిలేదేమీ లేదని, లాభమంతా యూదులు తింటారని అంటాడు. విడివిడిగా ఏ యూదుడి మీదా తనకు పగ లేదట, ఆ జాతి సంగతే చెబుతున్నాడట. వాళ్ళు ఏమీ ఉత్పత్తి చేయరట, కొత్త దేశానికి ముందు వెళ్ళినవాళ్ళ వెనక వెళ్ళి బట్టలు అమ్ముకుంటారట. తరువాత, ఎందుకైనా మంచిదని, నువ్వు వాళ్ళలో ఒకడివి కాదు కదా అని అడుగుతాడు. కాదు, నేను అమెరికన్‌ను అంటాడు ఆ సేల్స్‌మన్. ఏమీ అనుకోకు, మతంతో నిమిత్తం లేకుండా ఎవరికివ్వాల్సిన గౌరవం వాళ్ళకు ఇస్తాను అంటాడు జేసన్.

ఈ మాటలు అంటున్నది ఎవరు? ఒక గింజ కూడా పండించకుండా పత్తి ధర మీద పందెం కాస్తున్నవాడు. హార్డ్‌వేర్ దుకాణంలో నిలబడి రైతులకు సరుకు అమ్ముకునేవాడు. అంటే యూదుల మీద మోపిన రెండు ఆరోపణలూ అక్షరాలా తనకే వర్తిస్తాయి. అది అతనికి కనబడదు, మనకు కనబడేలా రచయిత ఏర్పాటు చేశాడు. ఆ రోజు మార్కెట్ పడిపోతుంది. ఆ సమయంలో జేసన్ దుకాణంలోనూ లేడు, టెలిగ్రాఫ్ ఆఫీసు దగ్గరా లేడు, ఎర్ర టై కట్టుకున్న ఒకడితో తిరుగుతున్న మేనకోడలిని పట్టుకోవాలని కారులో పల్లె దారుల వెంట పరుగెడుతున్నాడు. నష్టానికి కారణం అక్కడ స్పష్టంగా ఉంది. కానీ ఆ నష్టం న్యూయార్క్ యూదుల ఖాతాలోకి, టెలిగ్రాఫ్ గుమాస్తా ఖాతాలోకి, మేనకోడలి ఖాతాలోకి పోతుంది. ఒక్క పైసా కూడా జేసన్ ఖాతాలో పడదు. ‘వ్యక్తిగతంగా నాకు ఎవరి మీదా కోపం లేదు గానీ’ అని మొదలయ్యే ఇలాంటి ప్రసంగం కులం గురించి మన చుట్టాల పెళ్ళిళ్ళలో విననివారు ఎవరైనా ఉంటే చేతులెత్తమనండి. అందుకే ఈ ఘట్టం మన విద్యార్థులకు ఏ వివరణా లేకుండానే అర్థమవుతుంది.

అతని మనసులో అన్నిటికన్నా పెద్ద బాకీ క్యాడీది. ఆమెను పెళ్ళాడిన హెర్బర్ట్ హెడ్, జేసన్‌కు తన బ్యాంకులో ఉద్యోగం ఇస్తానని మాట ఇచ్చాడు. పెళ్ళి చెడిపోవడంతో ఆ ఉద్యోగం పోయింది. ఇది నిజమైన నష్టమే, దాన్ని మీ వ్యాసంలో తక్కువ చేయకండి. అన్న చదువు కోసం, అక్క పెళ్ళి కోసం కుటుంబం పచ్చిక మైదానం అమ్మింది, అతని కోసం అమ్మడానికి ఏమీ మిగలలేదు. అయితే ఆ బాకీ అతను ఎలా వసూలు చేశాడో చూడండి. తండ్రి అంత్యక్రియలకు రహస్యంగా వచ్చిన క్యాడీ, తన బిడ్డను ఒక్క నిమిషం చూపించమని వంద డాలర్లు ఇస్తుంది. అతను పసిపిల్లను గుర్రపు బండిలో తీసుకువస్తాడు, క్యాడీ నిలబడిన చోటికి రాగానే కిటికీ దగ్గర పైకెత్తి పట్టుకుంటాడు, ఆమె ముందుకు దూకేలోపల గుర్రాలను అదిలించమంటాడు. బండి ఆగదు. ఆమె వెనక పరుగెత్తుకొస్తుంది. మాట తప్పలేదు కదా, చూపించాను కదా అన్నది అతని లెక్క. ఆ రాత్రి డబ్బు మళ్ళీ లెక్కపెట్టుకుని దాచుకుని, నాకు రావలసిన ఉద్యోగం పోగొట్టి తప్పించుకోలేవని ఇప్పటికైనా నీకు తెలిసివచ్చి ఉంటుంది అనుకుంటాడు. ఉద్యోగానికి బదులు తల్లికీ బిడ్డకూ మధ్య ఆ ఎడబాటు. నవల మొత్తంలో జేసన్‌ను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి పేజీ నాకు తెలియదు.

తరగతిలో ఎప్పుడూ ఎవరో ఒకరు, అతను తన కాలానికి తగ్గ మనిషి కదా, 1928 నాటి మిసిసిపీలో తెల్లవాళ్ళు అందరూ అలాగే ఉండేవారు కదా అంటారు. ఆ కాలం సంగతి నిజమే. వర్ణవివక్ష అక్కడ చట్టం. తెల్లజాతి ఆధిపత్యం కోసం హింసకు దిగే కూ క్లక్స్ క్లాన్ ముఠా 1920ల్లో బలం పుంజుకుంది. హెన్రీ ఫోర్డ్ సొంత పత్రికే ఏళ్ళ తరబడి యూదులకు వ్యతిరేకంగా విషం చిమ్మింది. 1927లో మిసిసిపీ నదికి వచ్చిన మహా వరద డెల్టా ప్రాంతాన్ని ముంచెత్తింది. జేసన్ కూడా, పోయినేడు లాగే ఈ ఏడూ పత్తి కొట్టుకుపోయేలా ఉంటే ధర పడడమేమిటని రుసరుసలాడతాడు. ఇదంతా వ్యాసంలో ఒక పేరాలో రాయండి. కానీ ‘కాలం’ అన్న వాదన నవల ముందు నిలబడదు, ఎందుకంటే అదే కాలంలో, అదే ఊళ్ళో ఉన్నవాళ్ళు అతన్ని ఇట్టే పసిగట్టేస్తారు. దుకాణం యజమాని ఎర్ల్ సంగతి చూడండి. దుకాణంలో భాగం కోసం తల్లి ఇచ్చిన వెయ్యి డాలర్లను జేసన్ వెనక్కు తీసుకుని కారు కొన్నాడని అతనికి తెలుసు. మనిషి లెక్కల పుస్తకానికీ వాస్తవానికీ పొంతన లేకపోతే వాడు పైకి రాడని మెల్లగా హెచ్చరిస్తాడు. నాలుగో భాగంలో, మేనకోడలు తన డబ్బు దొంగిలించి పారిపోయిందని జేసన్ షెరీఫ్ దగ్గరకు పరుగెత్తితే, మూడు వేల డాలర్లు ఇంట్లో దాచుకుని ఏం చేస్తున్నావని అతను అడుగుతాడు. ఆ డబ్బు అసలు ఎవరిదో తనకు అనుమానం ఉందంటాడు, సాయం చేయనంటాడు. వీళ్ళిద్దరూ తెల్లవాళ్ళే, ఆ కాలపువాళ్ళే.

నల్లజాతి పాత్రలు మరింత సూటిగా చూస్తాయి. దుకాణంలో పనిచేసే ముసలి జోబ్, మీ తెలివి ముందు నేనెంత అని పొగుడుతున్నట్టే మొదలుపెట్టి, ఈ ఊళ్ళో ఒకాయన ఉన్నాడు, ఆయన ఎంత తెలివైనవాడంటే తన తెలివిని తానే అందుకోలేడు, మీరు ఆయన్ను కూడా బోల్తా కొట్టిస్తారు అంటాడు. ఎవరాయన అని జేసన్ అడుగుతాడు. జేసన్ కాంప్సన్ గారే అంటాడు జోబ్. గమనించండి, ఈ మాటను మనకు చేరవేసింది జేసనే. తన మీద పడ్డ దెబ్బను అర్థం చేసుకోకుండా మన దాకా మోసుకొస్తాడు. ఇలాంటి చోట్ల అతని కళ్ళు, చెవులు పనిచేస్తూనే ఉంటాయి గానీ బుద్ధి పనిచేయదు. మీ వ్యాసంలో ఇలాంటి చోట్లను వెతకండి, కథకుడు చూసినదానికీ అతను అర్థం చేసుకున్నదానికీ తేడా కనబడే చోట్లన్నమాట.

సర్కస్ టికెట్ల ఘట్టం కూడా అటువంటిదే, కాకపోతే అక్కడ నవ్వు రాదు. ఆ సాయంత్రం జేసన్ దగ్గర ఊరికే వచ్చిన రెండు టికెట్లు ఉంటాయి. వెళ్ళే ఉద్దేశం లేదు. వంటింట్లో ఉన్న నల్ల కుర్రవాడు లస్టర్‌కు ప్రదర్శన చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది, చేతిలో పైసా లేదు. ఐదు సెంట్లు ఇస్తే ఒకటి ఇస్తానంటాడు జేసన్. లేదని తెలిసే అంటాడు. ఒకటి పొయ్యిలో వేస్తాడు, కాసేపు ఊరించి రెండోదీ వేస్తాడు. డబ్బు కోసమే బతికే మనిషికి ఈ పనిలో వచ్చిన లాభం ఏమిటి? ఏమీ లేదు. ‘జేసన్ కేవలం పిసినారి’ అన్న వ్యాఖ్యానం ఇక్కడ చెల్లదు. ఎదుటివాడి కోరిక తన గుప్పిట్లో ఉండడమే అతనికి కావలసింది. ఆ ఇంటిని అసలు నిలబెడుతున్న నల్లజాతి వంటమనిషి డిల్సీ అక్కడే ఉండి, నీది చల్లటి గుండె, నాది నల్లదైనా అంతకన్నా నయమని మొహం మీదే చెబుతుంది. ఇంకో సంగతి. మొదటి భాగమంతా లస్టర్ పోగొట్టుకున్న పాతిక సెంట్ల నాణెం వెతుకుతూనే ఉంటాడు. ఆ రోజు శనివారం, అంటే టికెట్లు కాలిన మర్నాడు. మనం మాత్రం శనివారాన్ని ముందు చదివి శుక్రవారాన్ని తరువాత చదువుతాం. ఆ వెతుకులాట విలువ మనకు ఆలస్యంగా తెలుస్తుంది. ఫాక్నర్ తేదీలను తారుమారు చేసింది పాఠకుణ్ణి హడలగొట్టడానికి మాత్రమే కాదు.

మీ ప్రశ్నలో లేకపోయినా అడగవలసినది ఒకటి ఉంది: జేసన్ మీద జాలి పడవచ్చా? చిన్నప్పుడు నానమ్మ పక్కలో పడుకునేవాడు, ఆమె పోతే ఏడ్చాడు. తండ్రి సమాధి దగ్గర అక్క పక్కన నిలబడినప్పుడు చిన్ననాటి రోజులు తలపుకు వచ్చి మనసు ఏదోలా అయిందంటాడు, వెంటనే అది ఒక రకమైన కోపం కాబోలు అంటాడు, ఆ వెనువెంటనే ఇక మేనమామ మోరీ వచ్చి ఇంట్లో తిష్ఠ వేస్తాడన్న చికాకులోకి జారిపోతాడు. దుఃఖం కోపంగా, కోపం ఫిర్యాదుగా మారడం ఆ ఒక్క వాక్యంలోనే జరిగిపోతుంది. నాకు అక్కడ జాలి కలుగుతుంది. కానీ ఆ జాలి చూపించి అతన్ని విడుదల చేయమని నవల అడగడం లేదు. అతను ఎక్కడ మలుపు తిరిగాడో చూపిస్తోంది, అంతే. ఫాక్నర్ 1946లో చేర్చిన అనుబంధంలో, స్కాట్లాండులోని కలోడెన్ యుద్ధం నాటి నుంచి కాంప్సన్లలో మతి సరిగ్గా ఉన్న మొదటివాడు జేసనేనని రాశాడు. ఇది మెచ్చుకోలు అని మోసపోకండి. మతి సరిగ్గా ఉండడమంటే ఆ కుటుంబంలో ఇలా తయారైందన్న ఎత్తిపొడుపు అందులో ఉంది.

నాలుగో భాగంలో జేసన్ గొంతు ఉండదు కాబట్టి అతని చమత్కారమూ ఉండదు. పోయిన డబ్బు కోసం మాట్సన్ అనే పక్క ఊరికి కారులో వెంటపడి, అక్కడ సర్కస్ రైలు దగ్గర ఒక ముసలివాడితో కలబడి, పెట్రోలు వాసనకు ఎప్పుడూ వచ్చే తలనొప్పితో కారు నడపలేక వీధిలో కూలబడతాడు. ఇల్లు చేర్చడానికి ఒక నల్ల డ్రైవరును బేరమాడాలి. రెండు డాలర్లిస్తానంటాడు జేసన్. నాలుగుకు తక్కువైతే కుదరదంటాడు అతను. నాలుగే ఇస్తాడు. లెక్కల్లో తనను మించినవాడు లేడనుకునే మనిషి ఓడిపోయిన ఈ చిన్న బేరం గురించి విమర్శకులు తగినంత రాయలేదని నా ఫిర్యాదు.

జేసన్‌ను ఖండించినంత మాత్రాన నవలకు అన్ని మార్కులూ వేయనక్కర లేదు. ముగ్గురు తెల్ల అన్నదమ్ములకు సొంత గొంతు దొరికింది, డిల్సీని మాత్రం బయటి నుంచే చూస్తాం. ఆమె సహనాన్ని పూజించడం కూడా ఆమెను ఒక మూసలో పెట్టడమేనన్న విమర్శను మీరు పట్టించుకోవాలి. ఫాక్నర్ స్వయంగా 1956లో ‘లైఫ్’ పత్రికలో రాసిన లేఖలో వర్ణవివక్ష నిర్మూలన విషయంలో తొందరపడవద్దని ఉత్తరాది వారిని కోరాడు. అదే ఏడాది నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ దాన్ని తూర్పారబట్టాడు. జేసన్ అభిప్రాయాలు ఫాక్నర్‌వి కావు. ఫాక్నర్ దృష్టికీ హద్దులు ఉన్నాయి. ఈ రెండూ ఒకే వ్యాసంలో ఇముడుతాయి.

ఇక రాయడం గురించి రెండు మాటలు. జేసన్ వాడే జాతిదూషణ పదాలను అవసరమైన ఉల్లేఖనలోనే ఉంచండి, మీ సొంత వాక్యంలోకి జారనివ్వకండి. ఆ మాట తీసేసి మెత్తగా మార్చి చెప్పవద్దు కూడా, ఎందుకంటే అతని మాటతీరే మీ సాక్ష్యం. మొత్తం భాగాన్ని చుట్టబెట్టాలని చూడకుండా, చెక్కు కాల్చే దృశ్యమో, గుర్రపు బండి దృశ్యమో, టికెట్లు కాల్చే దృశ్యమో ఒక్కటి ఎంచుకుని, అందులో ప్రతి నష్టమూ ఎవరి ఖాతాలో పడిందో వాక్యం వాక్యం రాసుకోండి. నేనైతే గుర్రపు బండిని ఎంచుకుంటాను. చిత్తుప్రతి సిద్ధమయ్యాక చూపిస్తే చదివి చెబుతాను.